ఆమెను మందిరంలో పాడనివ్వండి



రోమా నగరంలో వియా నాజియొనాలే అనే రద్దీ వీధి పక్కన ఒక పాత మందిరం ఉంది. పేరు సెయింట్ పాల్స్ వితిన్ ద వాల్స్, అంటే గోడల లోపలి పౌలు మందిరం. అమెరికా ఎపిస్కోపల్ సంఘం వారిది. 1876లో ప్రతిష్ఠ జరిగింది. వెర్డి స్వరపరచిన ‘లా త్రావియాతా’ అనే ఇటలీ ఒపేరాను ఈ మందిరంలో సాయంత్రం వేళల్లో ఏళ్ల తరబడి ప్రదర్శిస్తూ వచ్చారు. ఫ్లోరెన్సులోని సెయింట్ మార్క్స్ ఇంగ్లిషు చర్చిలోనూ ఇలాంటి ప్రదర్శనలు జరుగుతుంటాయి. ఇవి పెద్ద థియేటరు ఆర్భాటాలు కావు. తెర ఉండదు. కొద్దిమంది వాద్యకారులు, కొద్దిమంది గాయకులు. బల్లల మీద కూర్చున్నవాళ్లకు పాడేవాళ్ల ఊపిరి కూడా వినపడేంత దగ్గర.

ఈ కథలో నాయిక ఒక వేశ్య. అక్కడే వచ్చింది తంటా.

దేవుని మందిరంలో వేశ్య కథా, బలిపీఠం ముందర తాగుబోతు పాటా, పశ్చిమ దేశాల సంఘాలు ఇంత దిగజారాయా అని మనవాళ్లలో కొందరు చెవులు మూసుకుంటున్నారు. ప్రసంగ పీఠాల మీద నుంచి విన్నాను, ఫోనులో తిరిగే వర్తమానాల్లో చూశాను. నేను ఆ మాట ఒప్పుకోను. ఆ మందిరాల వాళ్లతో నాకూ ఒక తగవుంది, కానీ అది వేరే తగవు. దానికి తర్వాత వస్తాను.

ముందు ఒపేరా అంటే ఏమిటో తెలియని మన పల్లె విశ్వాసుల కోసం రెండు మాటలు. మన పద్యనాటకం లాంటిదే అనుకోండి. రాగం తీసి పద్యం పాడే చోట జనం వన్స్‌మోర్ అంటారు చూడండి, ఆ రుచే. కాకపోతే అక్కడ మాటలు కూడా చాలావరకు పాటే. హార్మోనియం పెట్టె ఒక్కటి ఉంటే మన హరిశ్చంద్రుడు తెల్లవారేదాకా కాటికాపరిగా నిలబడగలడు. అలాగే ఒక్క పియానో ఉన్నా ఆ నాయిక నిలబడగలదు. చిన్న ప్రదర్శన అంటే తక్కువ ప్రదర్శన అని కాదు.

ఇక కథ. పేరులోనే ఉంది, త్రావియాతా అంటే దారి తప్పిన స్త్రీ. పారిస్ నగరంలో వయొలెట్టా అనే ఆమె ధనవంతుల డబ్బుతో బతుకుతుంటుంది, లోపల క్షయ రోగం తింటుంటుంది. ఆల్‌ఫ్రెడో అనే కుర్రవాడు నిజంగా ప్రేమిస్తాడు. ఆ విందులు, ఆ మగవాళ్లు, అన్నీ వదిలేసి ఆమె అతనితో పల్లెటూరికి పోతుంది. ఖర్చులకు తన సొత్తే అమ్ముతుంటుంది, అతనికి చెప్పకుండా. అప్పుడు కుర్రవాడి తండ్రి జెర్మోన్ వస్తాడు.

ఈ జెర్మోన్ దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే ఆ ఒపేరాలో నా ప్రసంగానికి మూలవాక్యం ఈయనే. మర్యాదస్తుడు. పరువు గలవాడు. కొట్టడు, తిట్టడు. నా కూతురికి పెళ్లి కుదిరింది, నీవు నా కొడుకుతో ఉన్నావని తెలిస్తే అటువాళ్లు సంబంధం వదులుకుంటారు, కాబట్టి నీవు తప్పుకో అంటాడు. అందం ఎంతకాలం ఉంటుంది, పెళ్లి లేని ఈ బంధానికి పైనుంచి దీవెన ఎక్కడిది అని కూడా అంటాడు. అంతటితో ఆగడు. ఈ మాటలు ఒక తండ్రి నోట దేవుడే పలికిస్తున్నాడు అంటాడు! చూశారా? ఆమె చెడ్డ బతుకు బతికినన్నాళ్లూ ఈ పెద్దమనిషి ఆమె గుమ్మం తొక్కలేదు. ఆమె మారాక వచ్చాడు. మారిన మనిషిని పాత పేరుతోనే పిలవడానికి దేవుని నామం వెంట తెచ్చుకున్నాడు.

ఆమె ఏడ్చి, ఒప్పుకొని, వెళ్లిపోతుంది. ఎందుకు వెళ్లిందో కుర్రవాడికి చెప్పదు. వాడు తప్పుగా అర్థం చేసుకొని, విందులో అందరి ముందర, జూదంలో గెలిచిన డబ్బు ఆమె మీదికి విసిరేసి, ఇదిగో నీ బాకీ తీర్చేశాను అంటాడు. చివరి అంకంలో ఆమె మంచం మీద ఉంటుంది. బయట పండుగ కేకలు. తండ్రి పశ్చాత్తాపపడి వచ్చి ఆమెను కూతురిగా కౌగిలించుకుంటానంటాడు, ఆమె ఇక బతకదని తెలిసే వేళకు. పెళ్లికి అడ్డమన్న నోటితోనే, చావు మంచం దగ్గర కూతురా! మన ఊళ్లలో సమాధి కార్యక్రమాల దగ్గర ఇలాంటి సాక్ష్యాలు ఎన్ని వినలేదు మనం?

ఈ కథ గాలిలోంచి పుట్టింది కాదు. నార్మండీ పల్లెలో పుట్టిన అల్ఫోన్సీన్ ప్లెస్సీ అనే పేదపిల్ల పారిస్ చేరి మరీ డ్యూప్లెస్సీ అని పేరు మార్చుకొని, ఇలాగే బతికి, 1847లో 23 ఏళ్లకే క్షయతో చనిపోయింది. ఆమె సామానంతా అప్పులవాళ్ల కోసం వేలం వేశారు. ఆమెను ఎరిగిన రచయిత డ్యూమా కొడుకు 1848లో నవల రాశాడు, తర్వాత నాటకం చేశాడు. దాన్ని పట్టుకొని పియావే పాటలు రాస్తే వెర్డి స్వరాలు కట్టాడు. 1853 మార్చి 6న వెనిస్ నగరంలోని లా ఫెనీచె నాటకశాలలో మొదటిసారి ఆడి, నవ్వులపాలైంది. మరుసటి ఏడాది కొన్ని మార్పులతో అదే ఊళ్లో ఇంకో నాటకశాలలో నిలబడింది.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఈ కథను ఆ రోజుల దుస్తుల్లోనే, ఆ రోజుల కథగానే చూపించాలని వెర్డి కోరిక. వెనిస్‌లో ఒప్పుకోలేదు. 1700 ప్రాంతపు కథగా మార్చి ఆడమన్నారు. నూట యాభై ఏళ్లు వెనక్కి నెడితే చూసేవాళ్లకు గుచ్చుకోదు కదా! ఇది మనం ఆదివారం ఆదివారం చేసే పనే. పరిసయ్యుల్ని రెండు వేల ఏళ్ల దూరాన నిలబెట్టి మూడు వైపుల నుంచీ రాళ్లేస్తాం, మన ముందు వరుసలో కూర్చున్నాయన హాయిగా ఆమేన్ అంటాడు. రోములో అయితే పోపు ప్రభుత్వపు పరిశీలకులు ఆ పేరునే సహించలేదు. ‘దారి తప్పినది’ అన్న పేరు తీసేసి ‘వయొలెట్టా’ అని ఆడించారు. 1856లో లండన్‌లో ఆడినప్పుడు అక్కడి పత్రికలూ నీతి నీతి అని గోల చేశాయి. థియేటరు నిండుతూనే ఉంది, గోల జరుగుతూనే ఉంది.

వెర్డికి ఈ జెర్మోన్లు బాగా తెలుసు. ఆయన భార్యాబిడ్డలు చనిపోయాక జుసెప్పీనా స్ట్రెప్పోనీ అనే గాయనితో పెళ్లి కాకుండానే చాలాకాలం ఉన్నాడు. బుస్సెతో అనే ఆయన సొంత ఊరి జనం ఆమెను చులకన చేశారు. 1859లోగానీ వాళ్ల పెళ్లి కాలేదు. ఆ బతుకును నేను సమర్థించడం లేదు, సంఘ కాపరిగా సమర్థించలేను. కానీ ఊరి జనం ఒక స్త్రీని చూసిన చూపులోంచి ఈ సంగీతానికి ఎంత మంట వచ్చిందో వింటే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు వాదానికి వస్తాను. మందిరం పరిశుద్ధ స్థలం, అక్కడ లోక సంబంధమైన పాట తగదు అనేవాళ్లది తీసిపారేయదగ్గ మాటేమీ కాదు. రోమన్ కథోలిక సంఘం 1987 నవంబరు 5న దీని గురించే ఒక లేఖ పంపింది. మందిరం ఒట్టి సభాస్థలం కాదు, ప్రార్థనకు ప్రత్యేకించిన చోటు, కాబట్టి అక్కడ కచేరీ జరిగితే పవిత్ర సంగీతమే జరగాలి అని దాని సారాంశం. ఇలాంటి ఒపేరాలు రోములో ప్రొటెస్టెంటు, ఆంగ్లికన్ మందిరాలు వెతుక్కోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆ లేఖ రాసినవాళ్లు మందిరాన్ని ప్రేమించే రాశారు. అయినా, ఏది పవిత్రం అని తేల్చేది ఎవరు? సంగీత నాటకమనేదే రోములో మందిరం నీడన ఎదిగింది. 1600 ఫిబ్రవరిలో కావలియేరి అనే ఆయన ఆత్మనూ దేహాన్నీ పాత్రలుగా పెట్టి, వేషాలతో, అభినయంతో పాడించిన నాటకం జరిగింది ఫిలిప్పు నేరీ స్థాపించిన సహవాసం వారి ప్రార్థనాశాలలోనే. అందులో లోకం కూడా ఒక పాత్ర, సుఖభోగం కూడా ఒక పాత్ర! లోకాన్ని మందిరంలో పాడనిచ్చారు, ఏం పాడుతుందో విని జాగ్రత్తపడమని.

నాటకం వరకు ఎందుకు, మన చేతుల్లో ఉన్న గ్రంథమే తెరవండి. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో ప్రభువు వంశావళిలో రాహాబు పేరుంది. ఆమె ఏ వృత్తి చేసేదో యెహోషువ గ్రంథం దాచలేదు. హోషేయ ప్రవక్త సంసారమంతా మనం పిల్లలకు చదివి వినిపించడానికి మొహమాటపడే కథ. లూకా 7లో పరిసయ్యుడైన సీమోను భోజనపు బల్ల దగ్గరికి ఊరంతా వేలెత్తి చూపే స్త్రీ అత్తరు బుడ్డి పట్టుకొని వస్తుంది. సీమోను ఏం చేశాడు? నోరు తెరవలేదు. లోలోపల అనుకున్నాడంతే. ప్రభువు అప్పుడు ఆమె వైపు తిరిగి, సీమోనుతో మాట్లాడుతూ, ఈమె కనిపిస్తోందా నీకు అని అడిగాడు. ఆ ప్రశ్నకు సీమోను జవాబు సువార్తలో లేదు. వీటన్నిటినీ మందిరంలో చదవవచ్చు, వయొలెట్టా మాత్రం పాడకూడదా? చదివితే వాక్యం, పాడితే అపవిత్రమా?

ఇక మూడో అంకంలో ఏముందో అభ్యంతరం చెప్పేవాళ్లు ఎప్పుడైనా విన్నారా? తెల్లవారుతుంది. వైద్యుడు వస్తాడు. నా శరీరం బాధపడుతోంది గానీ ప్రాణం నెమ్మదిగా ఉంది, నిన్న సాయంత్రం ఒక దైవసేవకుడు వచ్చి ఓదార్చి వెళ్లాడు అని ఆమె చెబుతుంది. ఆ దైవసేవకుడు రంగం మీదికి రాడు. మాలాంటివాళ్లకు ఆ ఒపేరాలో ఒక్క స్వరం కూడా కేటాయించలేదు వెర్డి. వచ్చి వెళ్లాడన్న మాట మాత్రం రోగి నోట పలికించాడు. ఒక కాపరికి అంతకంటే ఏం కావాలి? తర్వాత పనిమనిషిని అడుగుతుంది, పెట్టెలో డబ్బెంత మిగిలిందని. ఇరవై నాణేలు. ఈరోజు పండుగ, ఆకలిగా ఉన్నవాళ్లు ఎందరున్నారో, పది తీసుకెళ్లి పేదలకిచ్చేయి అంటుంది. పదోవంతు గురించి మనం ఏటా కోతల కాలంలో గొంతు పోయేలా చెబుతాం. ఆమె సగం ఇచ్చింది. లూకా 19లో సగం ఇస్తానన్న జక్కయ్య ఇంటికి ఆ రోజే రక్షణ వచ్చిందని మనమే కదా ప్రసంగిస్తాం. ఆ తర్వాత ఒంటరిగా, గడిచిన రోజులకు సెలవు చెప్పే పాటలో, దారి తప్పిన ఈమెను క్షమించి చేర్చుకోమని దేవుణ్ణి వేడుకుంటుంది. ఒపేరాకు పెట్టిన ఆ పేరును ఆమె తన నోటితో పలికేది ఈ ప్రార్థనలోనే. జనం వేసిన పేరునే పట్టుకొని దేవుని దగ్గరికి పోయింది.

ఆల్‌ఫ్రెడో తిరిగి వచ్చాక ఆమె మొట్టమొదట కోరే వాటిలో ఒకటి, మందిరానికి పోదాం, నీవు తిరిగి వచ్చినందుకు కృతజ్ఞత చెల్లిద్దాం అని. లేచి బట్టలు కట్టుకోబోయి, చేతకాక కూలబడుతుంది. మందిరం దాకా చేరలేదు.

థియేటరులో ఆడినప్పుడు ఆమె చేరలేని ఆ మందిరం ఎక్కడో ఊహలో ఉంటుంది. రోములోని ఆ గోడల లోపలి మందిరంలో ఆడినప్పుడు? ఆమె కూలబడేది మందిరంలోనే. పైన బర్న్-జోన్స్ అనే చిత్రకారుడు రూపకల్పన చేసిన మొజాయిక్‌లో క్రీస్తు చేతులు చాచి జీవవృక్షం ముందు నిలబడి ఉన్నాడు, ఒక పక్క ఆదాము, ఇంకో పక్క పిల్లలతో హవ్వ. దారి తప్పిన మొదటి ఇద్దరి కింద కూర్చొని దారి తప్పిన ఇంకొకామె దేవుణ్ణి పిలుస్తుంటే, ఇది ఇక్కడ తగదు అనడానికి నాకు నోరు రాదు. ఆమె పాటకు అంతకంటే తగిన చోటు భూమి మీద ఇంకెక్కడుందో చెప్పండి.

చింతామణి నాటకం పేరు చెప్పి పల్లెల్లో ఎంత బూతు నడిచిందో నాకు తెలియక కాదు. వేశ్య కథను మగవాళ్ల ఇకిలింపుకు వాడుకోవచ్చు, అది ఎక్కడ ఆడినా చెడ్డదే. గురజాడవారి మధురవాణిని చూసినవాడికి తేడా తెలుస్తుంది. ఎవరి కథ అన్నది కాదు చూడాల్సింది, ఆ కథలో ఆమెను మనిషిగా నిలబెట్టారా లేదా అన్నది.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. పాటను మందిరంలోకి రానివ్వం అనేవాళ్లు మనిషిని రానిస్తున్నారా? జోగిని వ్యవస్థను నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం వచ్చింది. అలాంటి బతుకు విడిచి, బాప్తిస్మం పొంది, కూలి చేసుకొని బిడ్డను చదివించిన ఒక తల్లి ఉంది. ఏ ఊరో, ఏ సంఘమో చెప్పను. ఆ బిడ్డకు పెళ్లి కుదిరితే, పెళ్లికొడుకు తరఫువాళ్లు వస్తారు, నువ్వు వెనక బల్ల మీద కూర్చుంటే అందరికీ మంచిదమ్మా అని పెద్దలు మెత్తగా చెప్పారు. చాలా మెత్తగా. ప్రార్థన చేసి మరీ చెప్పారు. ఆమె కూర్చుంది. జెర్మోన్ పాత్ర ఇటలీ భాషలో పాడితేనే మనకు అర్థం కాదు, తెలుగులో అయితే రాగంతో సహా మనకు కంఠతా వచ్చు.

క్షయ సంగతీ అంతే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో సంఘాలన్నీ కలిసి క్షయ ఆసుపత్రి కట్టిన కాలంలో ఆ రోగిని గడపలోకి రానిచ్చే ఇల్లు ఉండేది కాదు. ఆ పనికి డబ్బిచ్చిన విశ్వాసుల మనవలం మనం. వయొలెట్టా దగ్గు వినడానికి మనకేం సిగ్గు?

ఇక ఆ మందిరాల వాళ్లతో నా తగవు. 1987 లేఖలో ఇంకో సంగతి కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మందిరంలో కచేరీ జరిగితే ప్రవేశం ఉచితంగా ఉండాలి, అందరికీ తెరిచి ఉండాలి అని. ఆ మాట నాకు శిరోధార్యం. ఇప్పుడు జరుగుతున్నది చూడండి. పాటకు తలుపు వేసినవాళ్లు పేదకు తలుపు తీయమన్నారు. పాటకు తలుపు తీసినవాళ్లు గుమ్మంలో టికెట్టు బల్ల వేశారు, ముందు వరుసకు ఒక ధర, వెనక వరుసకు ఇంకో ధర పెట్టే పద్ధతి కూడా వచ్చింది. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి పాదపీఠం దగ్గర చోటు అని యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో దేన్ని తప్పు పట్టాడో అదే ఇది, అచ్చు వేసిన కాగితం మీద. పాత భవనం, పైకప్పు ఖర్చు, గాయకుల కూలి, అన్నీ నిజమే. వాన పడితే రేకుల మందిరంలో బకెట్లు పెట్టుకొని ప్రసంగించేవాణ్ణి, నాకు కప్పు ఖర్చు గురించి చెప్పక్కర్లేదు. పాడేవాడికి కూలి ఇవ్వాల్సిందే. దానికి కానుక పెట్టె ఉంది. వెర్డి తన ఒపేరాల మీద వచ్చే రాబడిని మిలాన్‌లో ముసలి సంగీతకారుల కోసం తానే కట్టించిన ఆశ్రమానికి రాసిచ్చి పోయాడు. ఆ మనిషి పాటను మందిరంలో పెట్టి దాని చుట్టూ తాడు కట్టడం బాగాలేదు.

గోడల లోపలి పౌలు మందిరానికి ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. 1870కి ముందు, రోము పోపు పాలనలో ఉన్నంతకాలం, ప్రొటెస్టెంటులు నగర గోడల లోపల మందిరం కట్టుకోవడానికి వీల్లేదు. ఆ గోడ బయట నిలబడ్డ జ్ఞాపకమే ఆ మందిరం పేరు. ఇప్పుడు అదే మందిరం నేలమాళిగలో జోయెల్ నఫూమా పేరున శరణార్థుల కేంద్రం నడుస్తోంది. యుద్ధాల నుంచి, ఎడారుల నుంచి, సముద్రం దాటి వచ్చినవాళ్లు పగలు అక్కడ కాస్త తిండికీ, రెండు ఇటలీ మాటలు నేర్చుకోవడానికీ, ఎవరైనా పలకరిస్తారనీ చేరతారు. ఆ పని చూసి దేవునికి స్తోత్రం చెల్లిస్తున్నాను. కానీ కింద మెట్ల దగ్గర వాళ్లు, పైన పది నాణేలు పేదలకిమ్మని పాడే స్త్రీ, మధ్యలో టికెట్టు. అన్నలారా, ఆ మధ్యలోది తీసేయండి.

మొత్తం తీసేయలేమంటారా, సరే. రెండో అంకం తర్వాత విరామం ఇస్తారు కదా. ఆ విరామంలో బల్ల పక్కకు జరిపి, కింది మెట్ల తలుపూ వీధి తలుపూ రెండూ తెరవండి. ఆఖరి అంకం అరగంట పైచిలుకు ఉంటుంది. వచ్చినవాళ్లను ముందు వరుసల్లోనే కూర్చోబెట్టండి.